బొటనవేలి బేరం

ఫోన్ల మాట్లాడేదానికి నేను చెప్పిన మొట్టమొదటి మాటనే అబద్ధం. అది నా వయసు అడగను గూడ అడగలే. నేనే ముందుబడి యాభై అని చెప్పిన. నాకు అరవై నాలుగు. ఎందుకు చెప్పినవు అంటే ఏం చెప్పాలె? ముక్కు మొఖం తెలువనోళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నలభై ఏండ్లు నెత్తి మీద గంప పెట్టుకొని ఊర్లు తిరిగిన. పాత చీరలు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చే బేరం నాది. ఆ బేరంల మనకు ఏం కావాల్నో ఎదుటి మనిషికి తెలిసిందా, ఇగ అంతే సంగతులు.

మేము దూదేకులోళ్ళం. ఇంట్ల మాట్లాడేది తెలుగే, చదివేది నమాజు. ఖమ్మంల మా మామ తండ్రి కాలం నుంచి ఉంటున్నం. మా ఆయనది దూది ఏకి పరుపులు కుట్టే పని. దుకాణాలల్ల తయారు పరుపులు వచ్చినంక ఆ పని సగం పోయింది. అప్పట్నుంచి నేను తెచ్చిన చీరలతోని బొంతలు కుట్టుడు షురూ చేసిండు. అరిగి మెత్తబడ్డ నూలు చీరలు లోపల, మంచి రంగున్నది పైన. బాలింతలకు, పసిపిల్లలకు ఇప్పటికీ మా బొంతనే కావాలనేటోళ్ళు ఉన్నరు. నేల మీద కూసొని, కుడికాలి బొటనవేలి కింద గుడ్డ అంచు తొక్కిపెట్టి, బిర్రుగ గుంజి కుడతడు. బొంతకైతే సూది, పరుపుకైతే దబ్బనం. ఆ వేలు గుడ్డను పట్టుకోకుంటే కుట్టు వంకరపోతది. మూడో చెయ్యి అన్నట్టు ఆయనకు అది.

మా బేరం గురించి గూడ చెప్పాలె, లేకుంటే తర్వాత జరిగింది మీకు తెలువదు. మా బేరంల మొదటి మాట ఎన్నడూ అసలు మాట కాదు. నేను "ఈ గిన్నెకు ఐదు చీరలు" అంట. ఆమె "రెండే" అంటది. నేను గంప ఎత్తుకున్నట్టు చేస్త, ఆమె తలుపేసుకున్నట్టు చేస్తది. ఆఖరికి మూడు చీరలు, ఒక పాత లంగా కాడ తెగుతది. మడత నడుమ చిరిగినది పెట్టిచ్చే ఆడోళ్ళుంటరు. మూత సరిగ్గ పట్టని డబ్బాను అంటగట్టిన రోజులు నాకూ ఉన్నయి, దాచుడెందుకు. ఇద్దరం అబద్ధాలే ఆడుతున్నమని ఇద్దరికీ ఎరుకే. అందుకే అండ్ల మోసం లేదు.

ఫోన్ల ఈ సంగతి పెట్టింది మా బిడ్డ. బోనకల్ల ఇచ్చినం, అక్కడ అంగన్‌వాడీల టీచరు. మోకాళ్ళ నొప్పులతోని నేను గంప దించి మూడేండ్లయింది. ఇంట్ల కూసున్నకాడికి పొద్దుపోక దానికి రోజుకు పదిసార్లు ఫోన్ చేసేదాన్ని. కరెంటు బిల్లు ఇంతెందుకు వచ్చింది, చీర మీద కుంకుడు మరక పోతదా, ఆ గోలీ అన్నం ముందట వేసుకోవాల్నా తర్వాత వేసుకోవాల్నా. అది పిల్లలకు గుడ్లు పెట్టే టైంలనే నా ఫోన్ పోతది. ఒకరోజు వచ్చి నా ఫోన్ చేతిలకు తీసుకుంది.

"అమ్మా, ఇగ ప్రతిదానికి నన్ను అడగకు. దీన్ని అడుగు. నోటితోని అడిగితే నోటితోనే చెప్తది. బిల్లు ఫోటో తీసి చూపెట్టినా చదివి చెప్తది."

"ఎవరామె?"

"ఎవరూ కాదమ్మా, కంప్యూటరు."

"మరి ఆడమనిషి గొంతేంది?"

"గట్ల పెట్టిండ్రు."

"ఎవరు పెట్టిండ్రు? ఎందుకు పెట్టిండ్రు? ఊకెనే చెప్తదా, తర్వాత ఏమన్న అడుగుతదా?"

"అబ్బ, నీతోని కాదమ్మా" అని తల పట్టుకుంది. మా ఆయన సూదిల దారం ఎక్కిచ్చుకుంట నవ్విండు. "ఆ కంప్యూటర్‌కే పాపం కష్టమొచ్చింది" అన్నడు.

నవ్వితే నవ్వనియ్. ఊకెనే ఇచ్చేటోళ్ళ మీద నాకు నమ్మకం లేదు. ఊకెనే ఏదీ రాదు. మొదటి వారం రోజులు ఆ ఫోన్‌ను స్టీలు డబ్బాల పెట్టి మూత పెట్టేదాన్ని. స్నానానికి పోయేటప్పుడు, ఇంటి సంగతులు మాట్లాడుకునేటప్పుడు డబ్బాలనే. వినేదైతే డబ్బా గోడలను వినుకోనియ్. డబ్బాల కెల్లి అది మోగితే ఇల్లంత గణగణమనేది, మా ఆయన ఉలిక్కిపడి వేలికి పొడుచుకునేటోడు.

అడుగుడు మాత్రం అడిగిన. ఎందుకంటే తెలుసుకోవాలె గదా, దాని సంగతేందో. ఒక్కటే ప్రశ్న పొద్దున ఒక తీరు, మాపటికి ఇంకో తీరు అడిగిన. కొత్త ఇంటికి బేరానికి పోయినప్పుడు గట్లనే చేస్తం, ముందుగాల అవసరం లేని గిన్నె ధర అడిగి మనిషిని చూస్తం. పట్టుచీర అసలుదా నకిలీదా ఎట్ల తెలుస్తదని అడిగిన. "అంచులోంచి ఒక దారం తీసి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద పొడిగా రాలితే అది పట్టు" అన్నది. నాకు ఒళ్ళు మండింది. మా అత్త దగ్గర ఆరేండ్లు గంపమోసి, తిట్లు తిని నేర్చుకున్న ముచ్చట అది. ఎవరికీ చెప్పలే, తోటి ఆడోళ్ళకు గూడ చెప్పలే. దీనికి ఎవరు చెప్పిండ్రు?

"నువ్వు ఎవరి మనిషివి?" అని సీదా అడిగిన.

తాను ఎవరి తరఫునా లేనని, నాకు సాయం చేయడానికే ఉన్నానని ఏందేందో చెప్పింది, రేడియోల చెప్పినట్టు. ఎవరి మనిషీ కాకుండ ఎవరన్న ఉంటరా? గిన్నెల దుకాణంల కూసున్నోడు గూడ "అమ్మా, నేను నీ మనిషినే" అంటనే సొట్టగిన్నె కింద పెట్టి కట్టిచ్చేటోడు. నేను దాని మాట నమ్మలే. కానీ బిల్లు మాత్రం సరిగ్గ చదివింది. బొంతల కోసం నాలుగు వరుసలు రాసిమ్మంటే ముద్దుగ రాసిచ్చింది. నేను రెండు మాటలు తీసేయించి, మా బిడ్డకు పంపి, వాట్సాప్‌ల పెట్టిచ్చిన. మూడు ఆర్డర్లొచ్చినయి. పని చేసిపెట్టే దొంగను పనిల పెట్టుకున్నట్టు, ఒక కన్ను వేసి వాడుకున్న.

బేరమాడొచ్చని తెలిసింది మాత్రం మా ఆయన షుగర్ కాడ. ఆయనకు పన్నెండేండ్ల నుంచి షుగర్ ఉంది. "షుగర్ ఉన్న మనిషి ఎంత అన్నం తినొచ్చు" అని అడిగితే చిన్న గిన్నెడు అన్నది. మా ఆయన పళ్ళెం దిక్కు చూస్తే నాకు జాలనిపించింది.

"గంత తక్కువైతే ఎట్ల? మా ఆయన కష్టం చేసే మనిషి."

కష్టం చేస్తే ఇంకొంచెం తినొచ్చన్నది. "మస్తు కష్టం చేస్తడు" అన్న. ఇంకొంచెం పెంచింది. రోజుకు అరగంట నడవాలన్నది. "ఎండలు బాగున్నయి, ఆయనకు కాళ్ళు గుంజుతయి" అన్న. పది నిమిషాలతో మొదలుపెట్టినా మంచిదేనన్నది. అరగంటను పది నిమిషాలు చేసిన! నాకు నవ్వాగలే. గంప దించినంక మూడేండ్లకు మళ్ళ బేరం చేతికి దొరికింది. అప్పట్నుంచి అది ఏం చెప్పినా మొదటి మాట తీసుకోలే. అది చెప్తది, నేను ఇంకో మాట కలుపుత, అది దిగుతది. మా గల్లీల ఏ ఆడమనిషీ గంత తొందరగ దిగలే.

నిజం చెప్పాలంటే అప్పుడే నాకు ఒక అనుమానం పుట్టింది. గంత జల్దీ దిగేటోళ్ళ సరుకుల ఏదో ఉంటది. నేను అనంగనే చీరలు తెచ్చి చేతిల పెట్టేదాని చీరలు ఇంటికొచ్చి విప్పితే చేతిలనే పోగులు పోగులైతయి. భద్రాచలం దిక్కు అడవి ఊర్లకు గూడ పోయేదాన్ని ఒకప్పుడు. సారపాక కాడ బస్సు దిగి లోపలికి నడిచేది. అక్కడ చీరలు తక్కువ, చింతపండో ఇప్పపువ్వో కుంకుడుకాయలో ఇచ్చేటోళ్ళు. ఒక గూడెంల ఒకామె గంపెడు చింతపండు తెచ్చి నా ముందట పెట్టి, పెద్ద గిన్నె చూపెట్టింది. ఇంకో అరగంప తెమ్మన్న. ఆమె ఒక్క మాట మాట్లాడలే. గంప ఎత్తుకొని లోపలికి పోయి తన పని తాను చేసుకుంటుంది. నేను గంప ఎత్తుకున్నట్టు చేసిన, చూడలే. అరగంట చూరు కింద కూసొని, ఆమె ఇచ్చిన నీళ్ళే తాగి, ఆ గంపెడు చింతపండుకే గిన్నె ఇచ్చొచ్చిన. ఓడిపోయిన గానీ, ఆ చింతపండు ఇంటికొచ్చి చూస్తే ఒక్క పిక్క లేదు. అట్లాంటి మనిషి మాట మీద నిలబడొచ్చు. ఫోన్ల మనిషి మాట మీద ఎట్ల నిలబడతం అనిపించింది. అనిపించింది, అంతే. పక్కకు పెట్టిన. బేరం గెలుస్తుంటే ఎవరికి చేదు?

దబ్బనం సంగతి బయటపడింది ఒక మధ్యాహ్నం. నమాజుకు వజూ చేసుకుంట మా ఆయన కాళ్ళు కడుగుతున్నడు. నేను చెంబుతోని నీళ్ళు పోస్తున్న. కుడికాలి బొటనవేలి కింద ఒక రంధ్రం, దాని చుట్టూ నల్లగ. పొడుచుకొని ఎన్ని రోజులైందో ఆయనకే తెలువదు.

"ఇదేందయ్యా?"

"ఏది? ఓ, అదా... మొన్న పరుపు కుడుతుంటే దబ్బనం గుడ్డల్ల కలిసిపోయింది. తొక్కినట్టున్న."

"నొప్పి లేదా?"

"నొప్పే లేదు. ఉంటే నీకు చెప్పకపోదునా?"

మా పెద్దన్నకు గూడ గిట్లనే అయింది. వేలికి పుండని దవాఖానకు పోయిండు. వేలన్నరు, తర్వాత పాదమన్నరు, తర్వాత మోకాలి దాకన్నరు. ఇంటికి తీసుకొచ్చినంక ఆర్నెల్లు గోడ దిక్కు తిరిగి పండుకొని పోయిండు. ఆయన ముందుగాల ఏడాది పుండును దాచుకున్నడన్న సంగతి నేను ఎన్నడూ తలుచుకోలే. నాకు యాదికున్నది ఒక్కటే, దవాఖానకు పోయినంకనే కాలు పోయింది. అందుకే ఆ నల్లటి రంధ్రం చూడంగనే నాకు పుండు కనపడలే, కత్తి కనపడ్డది. ఆ వేలు తీసేస్తే మా ఆయన ఏ వేలితోని గుడ్డ పట్టాలె? కుట్టుడు లేకుంటే ఆ మనిషి ఏమైపోవాలె? సూది పక్కన పెడితే రెండు రోజులకే పిచ్చిలేసినట్టు తిరిగే మనిషి.

ఆయన లోపల నమాజు చదువుతుంటే నేను వాకిట్ల కూసొని ఫోన్ తీసిన.

"మా పక్కింటాయన కాలికి దబ్బనం గుచ్చుకుంది" అన్న. మా ఆయన అనలే. "షుగర్ ఉంది. వేలు నల్లబడ్డది. నొప్పేం లేదు. ఇంట్ల ఏం చేయాలె?"

ఈసారి అది ముద్దు మాటలు మాట్లాడలే. షుగర్ ఉన్నవాళ్ళకు కాలిపుండులో నొప్పి తెలియకపోవడం మంచి గుర్తు కాదన్నది. నల్లబడితే ఆలస్యం చేయొద్దన్నది. ఇవాళే డాక్టరుకు చూపించమన్నది.

ఇవాళే! నాకు కోపం నెత్తికెక్కింది. మొదటి మాటనే గింత పెద్ద మాట.

"షుగర్ ఎక్కువేం లేదు, కొంచెమే" అన్న.

కొంచెమైనా సరే, ఇవాళే చూపించడం మంచిదన్నది.

"జ్వరం లేదు. మంచిగ నడుస్తుండు."

అయినా ఇవాళేనన్నది. గూడెంల ఆమె లెక్క నిలబడ్డది. అప్పుడన్న నేను ఆగాలె గదా. ఆగలే. నాకు ఇంకా పంతం లేచింది. దీన్ని ఎన్నిసార్లు దింపలే నేను! కాసేపు ఆగి, మళ్ళ మొదలుపెట్టిన. ఇంకో పక్కింటాయనను తయారుచేసిన. ఈయనకు నలభై ఐదేండ్లు. ఈయనకు షుగర్ లేదు. ఈయన వేలు నల్లగ లేదు, కొంచెం ఎర్రగ ఉంది, అంతే. నిన్నటికంటే ఇవాళ నయమే.

అది దిగింది. అట్లైతే శుభ్రంగా కడిగి, పొడిగా ఉంచి, రెండు మూడు రోజులు గమనించవచ్చన్నది. దాని తర్వాత గూడ ఏందో చెప్తుంది, నల్లబడితే, వాసనొస్తే, చీము పడితే అని. నేను నొక్కి ఆపేసిన. నాకు కావాల్సింది దొరికింది. గమనించవచ్చు. గిన్నె చేతికొచ్చినంక ఎవరన్న వాకిట్ల నిలబడతరా?

మా ఆయన నమాజు ముగిచ్చుకొని వచ్చి, "ఏమంటుంది నీ ఫోను?" అన్నడు.

"రెండు మూడు రోజులు చూడమన్నది. కడిగి కట్టు కట్టమన్నది. ఏం పర్వాలేదంట."

"సరే" అన్నడు. అంతే. ఒక్క మాట ఎదురు అడగలే. కాలు నా ముందటికి చాపిండు. నేను వేడి నీళ్ళతోని కడిగి, పసుపు నూనె పెట్టి, మెత్తటి చీరగుడ్డ చింపి కట్టిన. నేను ముడి గట్టిగ గుంజుతుంటే చూసి, "కొంచెం వదులు చెయ్" అన్నడు.

నాలుగు రోజులు గడిచినయి. రోజూ కట్టు విప్పుత, పసుపు పెడత, మళ్ళ కడత. పసుపు కింద ఏ రంగుందో చూడకుండ కళ్ళు పక్కకు తిప్పుకునేదాన్ని. రెండో రోజు ఫోన్‌ను మళ్ళ డబ్బాల పెట్టి మూత పెట్టిన. ఈసారి అది నన్ను వింటదని కాదు. నేను దాన్ని వినాల్సొస్తదని. ఆయన బొంత కుడుతనే ఉన్నడు. ఎడమకాలి వేలితోని గుడ్డ పట్టబోయి, కుట్టు వంకరపోతుంటే తనలో తాను గొణుక్కుంటున్నడు.

ఐదో రోజు పొద్దున మా బిడ్డ వచ్చింది. చెప్పులు విడవకముందే ముక్కు చిట్లిచ్చింది.

"ఏందమ్మా, ఏదో వాసనొస్తుంది. ఎలుక చచ్చిందా?"

అది ఇల్లంత చూసి, బొంతల మూట కింద చూసి, ఆఖరికి వాళ్ళ నాయిన కాలు దిక్కు చూసింది. కట్టు విప్పింది. విప్పి, "యా అల్లా" అన్నది. వెంటనే ఆటో పిలిచింది. ఆటోల ఎక్కిచ్చేటప్పుడు ఆయన "గింత పరేషాన్ ఎందుకే, నొప్పే లేదంటుంటే" అంటనే ఉన్నడు.

దవాఖానల డాక్టరమ్మ కాలు చూసి, నా మొఖం చూసి, మెల్లగనే మాట్లాడింది. "నల్లబడ్డ మొదటి రోజే తీసుకొస్తే కడిగి, మందులతోని ప్రయత్నం చేసేటోళ్ళం. ఇప్పుడు బొటనవేలు, దాని పక్క వేలు తీయాలె. ఇంకో రెండు రోజులు ఆగితే పాదమే పోయేది." కోసేటందుకే కూసుంటరని ఎన్నేండ్ల నుంచి వాళ్ళను తిట్టుకున్న నేను, ఆ మాట విని "జల్ది తీయుండ్రి తల్లీ" అన్న. కత్తిని తప్పిద్దామని నేను చేసిన పనే కత్తిని తీసుకొచ్చింది.

ఆయనను లోపలికి తీసుకపోయినంక మా బిడ్డ నా పక్కన బెంచీ మీద కూసుంది.

"కాలు చూసి నాకెందుకు ఫోన్ చేయలేదమ్మా?"

"నువ్వే అన్నవు గదా, నన్ను అడగకు, దాన్ని అడుగని. అడిగిన. రెండు మూడు రోజులు చూడొచ్చు అన్నది" అన్న నేను. ఆ మాట అనేటప్పుడు గూడ నా నోరు తొట్రుపడలే. నలభై ఏండ్ల అలవాటు.

దాని మొఖం ఎర్రబడ్డది. "గట్లెట్ల చెప్తది? ఏదీ, ఫోనియ్" అని గుంజుకుంది. నాకు అప్పటిదాక తెలువదు, నేను నోటితోని అన్నదంత అండ్ల అక్షరాలై కూసుంటదని. బేరం మాట గాలికి పోతది గదా, ఎవరు రాసిపెట్టుకుంటరు? మా బిడ్డ వేలితోని పైకి జరుపుకుంట చదివింది. పక్కింటాయన. షుగర్ ఉంది. ఇవాళే చూపించండి. షుగర్ కొంచెమే. ఇవాళే. జ్వరం లేదు. ఇవాళే. తర్వాత నలభై ఐదేండ్ల మనిషి, షుగర్ లేని మనిషి, ఎర్రటి వేలు మనిషి. ఆ మనిషి ఈ లోకంలనే లేడు. ఆ లేని మనిషి కాలికి అది చెప్పిన మందును నేను తెచ్చి మా ఆయన కాలికి కట్టిన.

అది నన్ను మోసం చేస్తదని డబ్బాల పెట్టి మూత వేసుకుంటి. గల్లీ ఆడోళ్ళకైతే నా అబద్ధం అబద్ధమని తెలుసు, దాన్నిబట్టి వాళ్ళు మెదులుతరు. ఇది నా మాటను నిజమనుకుంది.

బిడ్డ తిడ్తే బాగుండు. తిట్టలే. చదివినంత చదివి, ఫోన్ నా ఒళ్ళ పెట్టి, "మందులు తెస్త" అని లేచి బయటకు పోయింది. పోతుంటే దాని భుజాలు ఎగురుతున్నయి. ఏడుస్తుందని నాకు తెలుసు, దాని వెనక పోయే ముఖం నాకు లేకుండె.

మర్నాడు మధ్యాహ్నానికి మా ఆయన తేరుకొని మంచిగ మాట్లాడుతున్నడు. కాలికి తెల్లటి కట్టు, పాదం ముందటి భాగం బోసిగ ఉంది. ఆయన అటు చూడలే. కిటికీ దిక్కు చూసుకుంట ఫోన్‌ను తిట్టుడు మొదలుపెట్టిండు.

"ఆ దిక్కుమాలిన ఫోన్‌ను పట్కపోయి మున్నేరు వాగుల పారెయ్. రెండు మూడు రోజులు చూడమంటదా? దాని నోట్ల మన్నువడ. డాక్టరా అది, ఏందది? నేను ఎన్నడో అనుకున్న, అది మంచిది కాదని. నువ్వు గూడ మొదట్ల నమ్మకపోతివి. అట్లనే ఉండాల్సింది."

అవ్ అంటే అయిపోయేది. మా బిడ్డ ఆయనకు చెప్పదు, నాకు తెలుసు. ఫోన్ ఎట్లాగూ ఎదురు మాట్లాడదు. బతికినన్నాళ్ళు ఇద్దరం కలిసి దాన్ని తిట్టుకోవచ్చు. నా నాలుక చివరి దాక వచ్చింది ఆ అవ్.

"అది మొదటిసారే చెప్పిందయ్యా" అన్న. "ఇవాళే తీసుకపోమన్నది. మూడుసార్లు చెప్పింది. నేనే దింపిన. నీకు షుగర్ లేదని చెప్పిన. నలభై ఐదేండ్లని చెప్పిన. నల్లగున్నదాన్ని ఎర్రగుందన్న. నువ్వు నా మొగునివి అని గూడ చెప్పలే, పక్కింటాయన అన్న."

ఆయన కిటికీ మీదికెల్లి చూపు తీసి నన్ను చూసిండు.

"ఎందుకే?"

"వేలు తీస్తరని. వేలు పోతే నువ్వు కుట్టలేవని. మా అన్న లెక్క గోడ దిక్కు తిరిగి పండుకుంటవని. భయమైందయ్యా, మస్తు భయమైంది."

తిడతడనుకున్న. ఉప్పెక్కువైతే పళ్ళెం విసిరిన మనిషి. చెయ్యి లేపి ముఖం తుడుచుకున్నడు.

"దాన్ని అడిగినవు. దాంతోని గంతసేపు బేరమాడినవు" అన్నడు. "నన్ను ఒక్కసారి అడుగకపోతివి. వేలు పోతే పోనియ్, పాదముంటే చాలని అందును నేను."

ఆ నాలుగు రోజులూ ఆయన నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలనే కూసొని ఉండె.